మూడోసారి సీలు మార్చే ముందు

ప్రశ్న: మేస్త్రి గారికి నమస్కారం. మా దగ్గర 1998 మోడల్ మారుతి జిప్సీ ఉంది. మా సొంతూరు అనంతగిరి మండలంలో కొండ మీద. అక్కడ మాకు కాఫీ, మిరియాల తోట. నెలకు రెండుసార్లు పెందుర్తి నుంచి ఎస్.కోట మీదుగా ఘాట్ ఎక్కి వెళ్తాను. తారు రోడ్డు దిగాక ఊరు చేరేలోపు రెండు గెడ్డలు (వాగులు) దాటాలి. ఏడాదిగా వెనక కుడి చక్రం లోపలి నుంచి ఆయిల్ కారుతోంది. టైరు లోపలి వైపు నల్లగా చారలు కడుతోంది. రెండుసార్లు ఆయిల్ సీలు మార్పించాను. మూడు నెలలు బాగుంటుంది, మళ్లీ మొదలు. ఈ మధ్య బ్రేకు వేస్తే బండి ఎడమ పక్కకు లాగుతోంది. మెకానిక్ ఇప్పుడు యాక్సిల్ మొత్తం మార్చేయమంటున్నాడు. మా నాన్నగారు కొన్న బండి, వదులుకోలేను. ఏం చేయమంటారు?
— ఒక రిటైర్డ్ టీచర్, పెందుర్తి

జవాబు: మాస్టారూ, ముందుగా ఒక్క మాట. బండి బాగయ్యే దాకా ఘాట్ వైపు వెళ్లకండి. ఎక్కడం గురించి కాదు నా భయం, దిగడం గురించి. బ్రేకు వేస్తే ఎడమకు లాగుతోందని రాశారు. కుడి డ్రమ్ములో లైనింగులు ఆయిల్ తాగి జారిపోతున్నాయి, ఎడమవి మాత్రం పట్టుకుంటున్నాయి, అందుకే అటు లాగుతోంది. అనంతగిరి నుంచి బొడ్డవర దాకా మలుపు మలుపుకీ బ్రేకు తొక్కుతూ దిగాలి. సగం బ్రేకుతో ఆ దారి దిగే బండిలో మీ ఇంటివాళ్లు కూర్చుని ఉంటారన్న సంగతి తలచుకుంటే నాకు టెన్షన్‌గా ఉంది. తోటకు ఈసారి బస్సులో వెళ్లిరండి.

ఇక యాక్సిల్ మార్చడం గురించి. మార్చవద్దు. మీరు రాసిన దాంట్లో యాక్సిల్ పాడైందని చెప్పే గుర్తు ఒక్కటీ లేదు. కొత్త సీలు మూడు నెలలకే రెండుసార్లు పోయిందంటే తప్పు సీలుది కాదు, దాన్ని పాడు చేస్తున్నది వేరే ఏదో ఉంది. అది దొరక్కుండా యాక్సిల్ మార్చినా, కొత్త యాక్సిల్ కూడా మూడు నెలలకు కారుతుంది.

నాకు ఈ పాఠం 19 ఏళ్ల వయసులో జ్ఞానాపురంలో మా గురువుగారి షెడ్డులో అందింది. ఒక కాంట్రాక్టరు జీపు, మీ బండి లాగే వెనక చక్రం దగ్గర కారుతూ వచ్చింది. రెండు నెలల్లో మూడుసార్లు నేనే సీలు మార్చాను. మూడోసారి కూడా బండి తిరిగొచ్చేసరికి గురువుగారు చక్రం వైపు చూడనే లేదు. బండి కిందికి దూరి, యాక్సిల్ గొట్టం పైభాగాన్ని చేత్తో తడిమారు. బయటికి వచ్చి నా అరచేతిలో ఒక నల్లటి పెంకు పెట్టారు. సముద్రపు గాలికి తుప్పు పడుతుందని ఎవరో బండి అడుగంతా తారులాంటి కోటింగ్ కొట్టించారు. ఆ కోటింగ్ బ్రీదర్ మీద కూడా పడి గట్టిపడింది. అంతే, బండి ఊపిరి ఆగిపోయింది. పెంకు తీసి, నాలుగోసారి సీలు వేశాం. ఆ జీపు మళ్లీ ఆ పని మీద మా దగ్గరికి రాలేదు.

బ్రీదర్ అంటే ఏమిటో చెబుతాను. వెనక యాక్సిల్ మూసి ఉన్న గొట్టం. లోపల క్రౌన్ పినియన్ అనే పళ్ల చక్రాల జత తిరుగుతుంటే ఆయిల్ వేడెక్కుతుంది, పైనున్న గాలి ఉబ్బుతుంది. ఆ గాలి బయటికి పోవడానికి యాక్సిల్ పైన చిన్న దారి పెడతారు. కొన్ని బండ్లకు అక్కడే చిన్న టోపీ ఉంటుంది, కొన్నింటికి రబ్బరు పైపు తగిలించి పైకి తీసుకెళ్తారు. ఆ దారి మూసుకుపోతే ఉబ్బిన గాలి ఆయిల్‌ని ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడి నుంచి తోసేస్తుంది. మీ బండిలో ఆ బలహీనమైన చోటు కుడి చక్రం సీలు. సీలు అంటే రబ్బరు పెదవి ఒకటి, దాన్ని షాఫ్టుకు, అంటే యాక్సిల్ గొట్టంలో ఉండి చక్రాన్ని తిప్పే కడ్డీకి, అదిమి పెట్టే సన్నటి స్ప్రింగు ఒకటి. ఆయిల్ చిమ్మకుండా ఆపడానికి చేసిన వస్తువు అది, లోపలి నుంచి గాలి తోస్తుంటే ఆపడానికి కాదు.

మీ దారిలో గెడ్డలున్నాయి. బురద ఎండి బ్రీదర్ నోరు మూయడం మామూలే. మట్టిగూడు కట్టే కందిరీగలు ఆ రంధ్రంలో గూడు పెట్టడం కూడా చూశాను. మన వైజాగ్ బండ్లలో మాత్రం కోటింగే ఎక్కువ. అండర్ కోటింగ్ ఎప్పుడైనా కొట్టించారా? గుర్తు చేసుకోండి.

దీన్ని పరీక్షించడానికి డబ్బు ఖర్చు లేదు. బండిని ఊళ్లోనే ఓ అరగంట నెమ్మదిగా తిప్పండి. హనుమంతవాక వైపు ఎత్తుపల్లాలు వద్దు, ఇంటి చుట్టుపక్కల చాలు. తిరిగొచ్చి చదునైన చోట ఆపి, డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలో క్రౌన్ పినియన్ ఉండే ఉబ్బెత్తు భాగం) వెనకనున్న ఆయిల్ పోసే బోల్టుని మెల్లగా వదులు చేయండి. ఫుస్సుమని గాలి వచ్చిందంటే బ్రీదర్ మూసుకుపోయినట్టే. ముఖం పక్కకు పెట్టుకోండి, వేడి ఆయిల్ చిమ్మవచ్చు. ఆ బోల్టు తీశాక ఆయిల్ ధారగా కారితే ఇంకో సంగతి తెలుస్తుంది: ఎవరో ఎక్కువ పోశారు. ఆయిల్ కారుతోంది కదా అని కాస్త ఎక్కువే పోద్దామనుకుంటారు, అది సీలుకు ఇంకా చెరుపు. బండి చదునుగా ఉన్నప్పుడు ఆ రంధ్రం అంచుకు సరిగ్గా తగిలేలా ఉండాలి ఆయిల్. జిప్సీ వెనక యాక్సిల్‌కి దాదాపు లీటరున్నర సరిపోతుంది.

సీలు దగ్గరికి వెళ్లే ముందు, కారేది నిజంగా గేర్ ఆయిలేనా అన్నది కూడా తేల్చుకోవాలి. చక్రం లోపల బ్రేకు లైనింగుల్ని డ్రమ్ముకు నొక్కే వీల్ సిలిండర్ కూడా కారుతుంది, బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. వేలితో తీసి చూడండి. గేర్ ఆయిల్ చిక్కగా ఉంటుంది, గంధకం వాసన వేస్తుంది. ఆ వాసన ఒకసారి ముక్కుకు తగిలితే జన్మలో మరవలేరు. బ్రేకు ఆయిల్ పలచగా ఉంటుంది, నీళ్లలో కలిసిపోతుంది. గేర్ ఆయిల్ కలవదు, నీటి మీద తేలుతుంది. గ్లాసుడు నీళ్లలో ఒక చుక్క వేస్తే చాలు. బ్రేకు ఆయిల్ అని తేలితే ఇక్కడ చెప్పినదంతా పక్కనపెట్టి వీల్ సిలిండర్ బాగు చేయించండి.

గేర్ ఆయిలే అని తేలిందనుకుందాం. ఈసారి సీలు విప్పేటప్పుడు మీరు పక్కనే ఉండండి. పాత సీలు పారేయనివ్వకండి, అదే మీకు సాక్ష్యం. కిరసనాయిలుతో కడిగి, వెలుతురులో పెదవి అంచు చూడండి. పెదవి చుట్టూ ఒకేలా అరిగి ఉంటే దానికి వయసయిపోయిందని అర్థం. కానీ మూడు నెలల సీలు అలా అరగదు కదా. ఒక్క వైపే అరిగి ఉంటే షాఫ్టు నడిమధ్యలో తిరగడం లేదన్నమాట, బేరింగు పోయి ఉండాలి లేదా యాక్సిల్ గొట్టం వంగి ఉండాలి. ఒకచోట కోసినట్టు గాటు ఉంటే అది మెకానిక్ చేతి తప్పు, దాని సంగతి తర్వాత చెబుతాను. రబ్బరు రాయిలా గట్టిపడి చిట్లి ఉంటే బాగా వేడెక్కింది, బ్రేకు పట్టేసి ఉండవచ్చు. సీలు చూస్తే కొత్తదానిలా ఉందీ, అయినా కారుతోందీ అంటే, బ్రీదర్ ఒకటి, షాఫ్టు మీద గాడి ఒకటి, ఈ రెండింట్లో ఏదో ఒకటి.

గాడి గురించి చాలామంది పట్టించుకోరు. ఇనుము కంటే రబ్బరు మెత్తనిదే, కానీ పాతికేళ్లు ఒకే చోట రుద్దుకుంటే, మధ్యలో ఇసుక రేణువులు చేరితే, ఇనుము కూడా అరుగుతుంది. షాఫ్టు మీద సీలు కూర్చునే చోట గోటితో అడ్డంగా గీకండి. గోరు ఆగిందంటే గాడి పడ్డట్టు. కొత్త సీలుని అదే గాడిలో కూర్చోబెడితే ఎన్నిసార్లు మార్చినా ఫలితం ఉండదు. గాడి లోతు తక్కువైతే సీలుని ఒకటి రెండు మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో జరిపి కొట్టించండి, పెదవి నున్నటి చోట కూర్చుంటుంది. లోతు ఎక్కువైతే షాఫ్టు మీదికి సన్నటి స్టీలు స్లీవు ఎక్కిస్తారు. ఆటోనగర్‌లో మంచి లేత్ షాపులో అడగండి. ఎమరీ పేపరుతో ఒక్కచోటే గట్టిగా రుద్ది గాడి పోగొడతానంటే ఒప్పుకోకండి, షాఫ్టు అక్కడ ఇంకా సన్నబడుతుంది.

బేరింగు చూడటం తేలిక. వెనక చక్రం గాల్లోకి లేపి, పైనొక చెయ్యి, కిందొక చెయ్యి వేసి ఊపండి. టకటక ఆడితే బేరింగు పోయింది. ఇక్కడ ఒక జాగ్రత్త. బండి గేరులో ఉంది కదా, కదలదు అనుకోకండి. ఒక వెనక చక్రం గాల్లో ఉంటే డిఫరెన్షియల్ వల్ల ఆ చక్రం స్వేచ్ఛగా తిరుగుతుంది, నేల మీదున్న చక్రాన్ని గేరు ఆపలేదు. ముందు చక్రాలకు రెండు వైపులా చెక్క అడ్డు పెట్టి, యాక్సిల్ కింద గట్టి స్టాండు పెట్టాకే చేతులు పెట్టండి. ఇటుకలు, రాళ్లు వద్దు. ఇటుక చిట్లేటప్పుడు ముందుగా చెప్పి చిట్లదు.

బేరింగు పోయిందనుకోండి, పని పెరుగుతుంది. జిప్సీలో బేరింగు షాఫ్టు మీద ప్రెస్సుతో ఎక్కించి ఉంటుంది. దాని పక్కనే ఒక ఇనుప రింగు బిగువుగా కూర్చుని బేరింగుని కదలకుండా పట్టుకుంటుంది. ఆ రింగే షాఫ్టునీ, షాఫ్టుతో పాటు చక్రాన్నీ బండికి పట్టి ఉంచుతుంది. అది జారితే నడుస్తున్న బండిలోంచి షాఫ్టుతో సహా చక్రం బయటికి వచ్చేస్తుంది. కాబట్టి తీసిన రింగు మళ్లీ వేయకూడదు. గ్రైండరుతో సగం కోసి ఉలితో చీల్చి పారేయాలి, కోసేటప్పుడు షాఫ్టుకు గాటు పడకూడదు. కొత్త రింగుని హైడ్రాలిక్ ప్రెస్సు మీద ఎక్కించాలి. సుత్తి, గొట్టం పెట్టి కొడతానంటే వద్దని చెప్పండి. షెడ్డులో ప్రెస్సు లేకపోతే షాఫ్టు ఒక్కటే ఆటోనగర్ తీసుకెళ్లి చేయించుకు రావచ్చు.

ఇప్పుడు సీలు వేసే పద్ధతి. మెకానిక్‌కి నేర్పడానికి కాదు, మీరు పక్కన నిలబడి ఏం చూడాలో తెలియడానికి చెబుతున్నాను. ఆయిల్ దించే ముందు పోసే బోల్టు విప్పాలి. అది తుప్పు పట్టి రాకపోతే, దించేసిన తర్వాత కొత్త ఆయిల్ పోయడానికి దారి ఉండదు. దించిన ఆయిల్ వేళ్ల మధ్య రుద్ది చూడండి. బూడిద రంగులో మెత్తటి ముద్ద ఉంటే భయం లేదు. గుచ్చుకునే ఇనుప ముక్కలు వస్తే క్రౌన్ పినియన్ విప్పి చూడాల్సిందే. జిప్సీలో షాఫ్టుతో పాటు బ్రేకు ప్లేటు కూడా బయటికి లాగుతారు, కాబట్టి బ్రేకు పైపు విప్పాలి. షాఫ్టు రాకపోతే డ్రమ్ముని తిరగేసి నట్లు వదులుగా తగిలించి, దాన్నే సుత్తిలా బయటికి గుంజుతారు. మంచి ఉపాయమే అది.

పాత సీలు నెంబరు దాని ముఖం మీద అచ్చు పోసి ఉంటుంది. సాధారణంగా మూడు అంకెలు: లోపలి కొలత, బయటి కొలత, మందం. ఆ సీలునే పట్టుకెళ్లి షాపులో పక్కపక్కన పెట్టి చూసుకోండి. స్ప్రింగు కనిపించే వైపు ఆయిల్ ఉన్న వైపుకు, అంటే లోపలికి తిరగాలి. తిరగేసి వేసినవి కూడా చూశాను నేను. పెదవికి కొంచెం గేర్ ఆయిల్ రాయాలి, పొడిగా ఉంటే తిరిగిన మొదటి నిమిషంలోనే కాలుతుంది. సీలుని చుట్టూ ఒకే తీరుగా, సమానంగా లోపలికి దించాలి. ఒక పక్క కొడితే వంకరపోతుంది.

ఇక అందరికంటే ఎక్కువ సీళ్లు పాడు చేసే తప్పు. షాఫ్టుని తిరిగి లోపలికి తోసేటప్పుడు దాని చివరనున్న స్ప్లైన్ పళ్లు సీలు పెదవి మీద ఆనకూడదు. షాఫ్టు బరువుగా ఉంటుంది, చెయ్యి దించితే పళ్లు పెదవిని కోసేస్తాయి. ఇందాక గాటు అన్నాను కదా, అది ఇలా పడుతుంది. బయటికి ఏమీ కనిపించదు. బిగించి ఇస్తారు, మొదట బాగానే ఉంటుంది, వారాలు గడిచేకొద్దీ కోసిన చోటు విచ్చుకుంటుంది. ఇద్దరు పట్టుకుని, ఒకరు షాఫ్టుని ఎత్తిపట్టి తిన్నగా లోపలికి నడపాలి. మా షెడ్డులో ఈ పని ఒక్కరితో చేయనివ్వను.

ఆయిల్ తాగిన లైనింగులు రెండు వైపులవీ మార్చండి. ఒక్క కుడివే మార్చితే మళ్లీ ఒక పక్కకు లాగుతుంది. వాటిని పెట్రోలుతో కడిగి, స్టవ్ మీద కాల్చి మళ్లీ వేసే అలవాటు మన దగ్గర ఉంది. వద్దు. పైకి ఆరినట్టే ఉంటుంది, ఘాట్‌లో డ్రమ్ము వేడెక్కగానే లోపలున్న ఆయిల్ మళ్లీ పైకి వస్తుంది. డ్రమ్ములోని దుమ్ముని గాలి కొట్టి ఊదనివ్వకండి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు, ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. తడి గుడ్డతో తుడిపించండి. అన్నీ బిగించాక బ్రేకులో గాలి తీయించాలి.

ఆయిల్ 80డబ్ల్యూ-90, జీఎల్-5 అని రాసి ఉన్నదే పోయించండి. షాపులో 90 నెంబరు అంటే ఏదో ఒకటి ఇచ్చేస్తారు, డబ్బా మీద జీఎల్-5 అన్నది చూడండి. క్రౌన్ పినియన్ పళ్లు ఒకదానిపై ఒకటి జారుతూ నొక్కుకుంటాయి, ఆ ఒత్తిడికి తట్టుకునే మందు ఆ ఆయిల్లోనే ఉంటుంది. మిగిలింది కదా అని గేర్‌బాక్సులో మాత్రం పోయనివ్వకండి.

మీకు గెడ్డలు తప్పవు కాబట్టి బ్రీదర్‌కు రబ్బరు పైపు తగిలించి, ఛాసిస్ వెంట పైకి తీసుకెళ్లి, బాడీ లోపలికి ఎత్తుగా కట్టించండి. పైపు నోరు కిందికి వంగి ఉండాలి. యాక్సిల్ పైకీ కిందికీ ఆడుతుంది కాబట్టి కొంచెం వదులు ఉంచాలి. మొత్తం బిగించాక యాక్సిల్‌ని కిరసనాయిలుతో శుభ్రంగా కడిగించి, ఆరాక సీలు చుట్టూ ముఖానికి రాసుకునే పౌడరు చల్లి ఓ 20 కిలోమీటర్లు తిప్పండి. తడి ఎక్కడ మొదలైందో పౌడరు చెప్పేస్తుంది. పొడిగా ఉంటేనే ఘాట్ ఎక్కండి.

ప్రశ్న: భీమిలి దగ్గర నీటి అంచున పడవల్ని పైకి లాగడానికి పాత మహీంద్రా ఫోర్ వీల్ జీపు వాడుతున్నాం. వెనక చక్రాలు సగం దాకా సముద్రంలో మునుగుతాయి. డిఫరెన్షియల్ ఆయిల్ పాలు కలిపిన కాఫీలా అయింది. బ్రీదర్‌ని ఎం-సీల్ పెట్టి మూసేస్తే నీళ్లు పోవని ఒకతను చెప్పాడు. చేయవచ్చా?
— ఒక పాఠకుడు, భీమునిపట్నం

జవాబు: చేయకూడదు తమ్ముడూ. పైనున్న జవాబు చదివితే ఎందుకో తెలుస్తుంది. మీ విషయంలో ఇంకోటి కూడా ఉంది. లాగి లాగి యాక్సిల్ వేడెక్కి ఉంటుంది. దాన్ని ఒక్కసారిగా చల్లటి నీళ్లలో దించితే లోపలి గాలి కుంచించుకుపోయి బయటి నుంచి పీలుస్తుంది. బ్రీదర్ మూసి ఉంటే సీళ్ల సందుల్లోంచి ఉప్పునీళ్లు లాక్కుంటుంది. బ్రీదర్‌కు పొడవాటి పైపు పెట్టి ఎత్తుకు కడితే నీళ్లకు బదులు గాలి పీలుస్తుంది.

ఇప్పుడున్న ఆయిల్ ఈరోజే దించేయండి. ఉప్పునీళ్లు కలిసిన ఆయిల్లో బేరింగులు నిలబడి ఉంటే గుంటలు పడతాయి, మోత మొదలవుతుంది. కొత్త ఆయిల్ కొంచెం పోసి, చక్రాలు లేపి చేత్తో తిప్పి, అదీ దించేసి, ఆ తర్వాత పూర్తిగా పోయండి. రెండు వారాలకు మళ్లీ బోల్టు తీసి రంగు చూడండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వెళ్లిన తర్వాత నీళ్లలో తిరిగిన జీపులు నా షెడ్డుకు చాలా వచ్చాయి. వెంటనే ఆయిల్ మార్పించుకున్నవాళ్ల బండ్లు నిలబడ్డాయి. తర్వాత చూద్దాంలే అనుకున్నవాళ్లకు ఎండాకాలం వచ్చేసరికి బేరింగులు మార్చాల్సి వచ్చింది. పని అయిన ప్రతి సాయంత్రం డ్రమ్ములు, యాక్సిల్, బ్రేకు పైపులు మంచినీళ్లతో కడగండి. ఇసుక చేరితే సీలు పెదవికి అంతకంటే శత్రువు లేదు.

ప్రశ్న: నా జిప్సీలో ఆయిల్ చక్రం దగ్గర కాదు, డిఫరెన్షియల్ ముందు, ప్రొపెల్లర్ షాఫ్టు కలిసేచోట కారుతోంది. సీలు మార్చాక కూ... అని మోత వస్తోంది. ఎందుకు?
— ఒక విద్యార్థి, గాజువాక

జవాబు: బాబూ, అది పినియన్ సీలు. దాన్ని మార్చాలంటే మధ్యలోని పెద్ద నట్టు విప్పాలి. చాలా డిఫరెన్షియల్స్‌లో ఆ నట్టు కింద, రెండు బేరింగుల మధ్య, ఒత్తిడికి నలిగే స్పేసర్ ఉంటుంది. ఎంత బిగిస్తే అంత నలుగుతుంది, మళ్లీ సాగదు. నీ బండికి గాలి గన్నుతో బిగించి ఉంటారు. బేరింగుల మీద బిగువు ఎక్కువై మోత వస్తోంది. అలాగే తిప్పితే బేరింగులు వేడెక్కి పోతాయి. విప్పే ముందే నట్టుకీ షాఫ్టుకీ సెంటర్ పంచ్‌తో గుర్తు పెట్టుకుని ఉంటే, తిరిగి అదే గుర్తుకు బిగిస్తే సరిపోయేది. ఇప్పుడు కొత్త స్పేసర్ వేసి, పినియన్‌ని తిప్పడానికి ఎంత బలం పడుతుందో కొలుస్తూ కొంచెం కొంచెంగా బిగించాలి. అంతవరకూ బండి నడపకు. విప్పినప్పుడు యూనివర్సల్ జాయింట్ కూడా ఆడుతోందేమో చూడమను. అది అదురుతుంటే కొత్త పినియన్ సీలు కూడా ఎక్కువ రోజులు ఆగదు.